లా పాజ్‌కి ఒంటరి ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరిలో నేను బొలీవియాలోని లా పాజ్‌లో పద్దెనిమిది రోజులు ఒక్కదాన్నే తిరిగి వచ్చాను. వీపున ఒక సంచి, నోట్లో నాలుగు స్పానిష్ ముక్కలు, అంతే సరంజామా. వచ్చినప్పటి నుంచి ఎక్కడికెళ్లినా ప్రశ్నలే. పెళ్లిలో పిన్ని అడిగేది ఒకటి, డాలస్‌లో ఉన్న స్నేహితురాలు అడిగేది ఇంకొకటి. అన్నిటికీ ఒకచోట జవాబు రాసి పెట్టేస్తే నాకూ మీకూ సుఖం.

ఇన్ని ఊళ్లుండగా లా పాజే ఎందుకు?

ఖర్చు తక్కువని వెళ్లాను. ఆరు రోజులనుకున్నది పద్దెనిమిది రోజులైంది మాత్రం ఊరి ఆకారం వల్ల. ఒక పెద్ద బాణలి ఊహించుకోండి. అడుగున ఇళ్లు, గోడల మీద ఇళ్లు, అంచు మీద కూడా ఇళ్లే. అంచు మీదున్నది ఎల్ ఆల్టో అనే వేరే నగరం, సుమారు 4,100 మీటర్ల ఎత్తు. మధ్యలో పాత ఊరు, 3,600 పైచిలుకు. అడుగున జోనా సూర్, అంటే దక్షిణ పేట, ఇంకో మూడు నాలుగు వందల మీటర్లు కింద. మన జూబ్లీహిల్స్ లెక్క ఇక్కడ తలకిందులు. డబ్బున్నవాళ్లు కింద ఉంటారు, లేనివాళ్లు పైన. దిగేకొద్దీ చలి తగ్గుతుంది, గాలి చిక్కబడుతుంది, అద్దె పెరుగుతుంది.

దీనికంతటికీ వెనకాల 6,438 మీటర్ల ఇల్లిమాని మంచుకొండ. నేను వెళ్లింది వానాకాలం కాబట్టి మూడు రోజులకోసారి మబ్బుల్లోంచి ముఖం చూపించేది. చూపించినప్పుడు రోడ్డు మీద స్థానికులు కూడా ఆగి చూసేవాళ్లు.

బొలీవియా రాజధాని లా పాజే కదా?

క్విజ్‌లో అడిగితే జాగ్రత్త. రాజ్యాంగం ప్రకారం రాజధాని సూక్రే. అధ్యక్షుడు, పార్లమెంటు ఉండేది లా పాజ్‌లో. రాజధాని ఎక్కడన్న గొడవ మనకి కొత్త కాదు గానీ, వాళ్లు దానికోసం 1898-99లో అంతర్యుద్ధమే చేసుకున్నారు. లా పాజ్ పక్షం గెలిచింది, ప్రభుత్వం ఇక్కడికొచ్చేసింది. సూక్రేకి పేరు మిగిలింది.

అక్కడ ఊపిరి ఆడదంటారు, నిజమేనా?

నిజం. తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే. లా పాజ్ దానికి మూడు రెట్లకు పైనే. లేహ్ వెళ్లొచ్చినవాళ్లకి ఒక అంచనా ఉంటుంది, ఇది లేహ్ కంటే కాస్త ఎత్తు. సముద్రమట్టంలో మీరు పీల్చే ఆక్సిజన్‌లో ఇక్కడ దక్కేది మూడింట రెండొంతుల దాకా. పైగా విమానం దిగేది ఊళ్లో కాదు, ఎల్ ఆల్టోలో. ఆ ఎయిర్‌పోర్టు ఎత్తు 4,061 మీటర్లు. తలుపు తీయగానే ఆ గాలిలో పడతారు.

నా నిర్వాకం చెప్తాను. దిగిన రోజు ఒంట్లో బాగానే ఉంది కదా అని, ఊళ్లోకి వచ్చాక హాస్టల్ మూడు వీధులవతలే కదా అని, టాక్సీ వద్దనుకుని పదకొండు కిలోల సంచి వేసుకుని ఎక్కాను. ఆ వీధి వీధి కాదు, మెట్లు లేని మేడ. రెండో మలుపులో గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలైంది. ఒక గడప మీద కూలబడ్డాను. ఎదురుగా డెబ్బై ఏళ్ల మామ్మ వీపున మూటతో, ఆయాసం లేకుండా, నన్ను జాలిగా చూస్తూ ఎక్కి వెళ్లిపోయింది. సాయంత్రానికి తల లోపల ఎవరో రోకలితో దంచుతున్నట్టు నొప్పి. రాత్రి నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం నాలుగుసార్లు. ఈ ఉలికిపాటు అక్కడ చాలామందికి అయ్యేదేనని తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే సగం టెన్షన్ తగ్గేది.

కాబట్టి మొదటి రెండు రోజులు శరీరానికి రాసిచ్చేయండి. సంచి మోయకండి, మెట్లు పోటీగా ఎక్కకండి, రాత్రి భోజనం తక్కువ తినండి, మద్యం ముట్టకండి. ఎత్తు పడక వచ్చే జబ్బుకి వాడే అసెటజోలమైడ్ మాత్ర గురించి బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఇంకా మంచి దారి, ఎత్తుకి మెల్లగా చేరడం. శాంటా క్రూజ్ నగరం నాలుగు వందల మీటర్ల ఎత్తులో ఉంది, కొచబాంబ దాదాపు 2,560 మీటర్లలో. కొచబాంబలో రెండు రాత్రులు పడుకుని వస్తే నాలాగా గడపల మీద కూర్చోనక్కర్లేదు.

తలనొప్పి, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం మామూలే. కదలకుండా కూర్చున్నా ఆయాసం, నురగతో దగ్గు, నడకలో తూలడం, మాట తడబడటం మాత్రం మామూలు కాదు. అవి కనిపిస్తే రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, కిందికి దిగాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇక్కడే అసలు చిక్కు. మాట తడబడుతోందని మనకి మనం గమనించుకోలేం. అందుకే హాస్టల్ డెస్క్ దగ్గర అమ్మాయికి మొదటిరోజే చెప్పి పెట్టుకున్నాను: పొద్దున టిఫిన్‌కి రాకపోతే వచ్చి తలుపు కొట్టు అని. రెండో రోజు నేను ఆలస్యంగా లేస్తే నిజంగానే వచ్చి కొట్టింది.

కోకా ఆకు నమలొచ్చా? అది డ్రగ్ కాదా?

బొలీవియాలో ఆకు చట్టబద్ధం. కొకైన్ చట్టవిరుద్ధం. రెండూ ఒకటి కాదని వాళ్లు ప్రపంచంతో వాదిస్తూనే ఉన్నారు. మాదకద్రవ్యాల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం నుంచి 2012లో బయటికొచ్చి, ఆకు నమిలే సంప్రదాయానికి మినహాయింపు పెట్టుకుని 2013లో మళ్లీ చేరారు. హోటల్లో టీ అడిగితే కోకా టీ తెచ్చిపెడతారు. కాస్త పచ్చిగడ్డి వాసన, వేడిగా గొంతులోకి దిగితే హాయిగా ఉంటుంది. ఆకుని మనం తమలపాకు నమిలినట్టు నమలరు, బుగ్గన పెట్టి ఊరనిస్తారు. తాంబూలానికి సున్నం ఉన్నట్టే దీనికీ బూడిదతో చేసిన నల్లటి ముద్ద ఒకటి తోడుంటుంది. అది లేకపోతే ఆకు పని చేయదట. లినారెస్ వీధిలో కోకా మ్యూజియం ఉంది, చిన్నదే గానీ చూడదగ్గది.

రెండు హెచ్చరికలు. ఆకు గానీ, టీ పొట్లం గానీ ఇండియాకి తేవద్దు, ఇక్కడ అది నేరం. అమెరికాలో ఉద్యోగం చేస్తూ డ్రగ్ టెస్టు ఉన్నవాళ్లు కప్పు టీ కూడా తాగకండి. ఆ టీ తాగినా పరీక్షలో కొకైన్ అని తేలొచ్చు. డాలస్ స్నేహితురాలికి మొదట చెప్పిన మాట ఇదే.

వీసా, టీకా సంగతి?

మన పాస్‌పోర్టుకి వీసా కావాలి. ఫీజులు, పద్ధతులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఢిల్లీలోని బొలీవియా ఎంబసీని అడగండి, యూట్యూబ్‌ని కాదు. అమెరికా మీదుగా విమానం మారితే అమెరికా వీసా కూడా ఉండాలి, ఎయిర్‌పోర్టు దాటకపోయినా సరే. హెచ్1బి మీద ఉన్నవాళ్లు స్టాంపింగ్ గడువు చూసుకోండి. గడువు ముగిసిన స్టాంపుతో కెనడా, మెక్సికోలకు వెళ్లొచ్చే వెసులుబాటు దక్షిణ అమెరికాకి వర్తించదు.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అనుకోండి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, అప్పుడిచ్చే పసుపు కార్డు జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆ కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో కూర్చోవాలి.

ఊళ్లో ఎలా తిరగాలి?

ఆకాశంలో. నవ్వకండి, అక్కడ మెట్రో అంటే రోప్‌వేనే. మి తెలెఫెరికో అంటారు. బాణలి గోడల మీద రైలు పట్టాలు వేయలేక తీగలు కట్టారు. 2014 మే 30న ఎర్ర లైను మొదలైంది, ఇప్పుడు పది లైన్లు. ఒక్కో డబ్బాలో పదిమంది పడతారు. పది పన్నెండు సెకన్లకొక డబ్బా వస్తూనే ఉంటుంది కాబట్టి వెయిటింగ్ అన్న మాటే లేదు. నేను వెళ్లినప్పుడు మొదటి లైనుకి మూడు బొలీవియానోలు (అక్కడి రూపాయిలనుకోండి), అక్కణ్ణుంచి మారితే ప్రతి లైనుకి రెండు.

నేను కొత్తవాళ్లకి చెప్పే చుట్టు ఇది. సెంట్రల్ స్టేషన్‌లో ఎర్ర లైను ఎక్కి ఎల్ ఆల్టో అంచుకి చేరండి. అక్కడ వెండి లైనులోకి మారి అంచు వెంబడే వెళ్లండి. పసుపు లైనులో కిందికి దిగండి. ఏడు బొలీవియానోల్లో ఊరంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. ఎర్ర లైను ఊరి పెద్ద శ్మశానం మీదుగా పోతుంది. అక్కడ సమాధులు నేల మీద ఉండవు, అపార్ట్‌మెంట్లలా అరల మీద అరలు. ఒక్కో అరకి చిన్న గాజు తలుపు, లోపల పూలు, ఫోటో, పోయినాయనకి ఇష్టమైన కూల్‌డ్రింక్ చిన్న సీసా. గోడల మీద రంగురంగుల బొమ్మలు. డబ్బా నిశ్శబ్దంగా వాటి మీదుగా జరిగిపోతుంటుంది.

డబ్బా ఎక్కేటప్పుడు లోపలున్నవాళ్లకి "బ్వేనోస్ దియాస్" అనాలి. అందరూ అంటారు. మొదటిరోజు నేను అనకుండా కూర్చుంటే ఎదురుగా ఉన్న స్కూలు పిల్లాడే నాకు చెప్పాడు, నేను మర్చిపోయానేమోనని.

కింద రోడ్ల మీద మినీబస్సులు. కిటికీలోంచి తల బయటపెట్టి "ప్రాదో, ప్రాదో, సాన్ పెద్రో!" అని అరుస్తుంటారు. మన షేర్ ఆటోలవాళ్ల కేక తెలిసినవాళ్లకి ఇందులో భయపడాల్సిందేమీ లేదు. దిగాలంటే మూల రాగానే "ఎస్కినా, పోర్ ఫవోర్" అని గట్టిగా అనండి. గొంతు చిన్నదైతే ఇంకో రెండు మూలలు ఫ్రీగా తిరుగుతారు.

కూడళ్లలో జీబ్రా వేషం వేసుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. ఇది 2001 నుంచీ ఉన్న పద్ధతి. వాళ్లు జరిమానా వేయరు. గీత దాటిన కారు ముందు డాన్సు చేసి, బానెట్ మీద పడుకుని సిగ్గుపడేలా చేస్తారు. మన పంజగుట్ట సెంటర్లో పనిచేస్తుందా అని చాలాసేపు ఆలోచించాను.

ఏమేం చూడాలి, ఏది వదిలేయొచ్చు?

మురీయో కూడలి నుంచి మొదలుపెట్టండి. పార్లమెంటు భవనం మీద గడియారం వెనక్కి తిరుగుతుంది. పాడైపోయి కాదు, 2014లో కావాలనే అలా మార్చారు. భూమధ్యరేఖకి దక్షిణాన నీడ తిరిగేది అటే కదా, మేమెందుకు ఉత్తరం వాళ్ల గడియారం పెట్టుకోవాలి అన్నది వాదన. టైము చూడటానికి నాకు పది సెకన్లు పట్టింది, ఆ తర్వాత కూడా తప్పే చూశాను. కూడలికి పేరిచ్చిన పెద్రో డొమింగో మురీయో 1809లో స్పెయిన్ మీద తిరుగుబాటు చేసి మరుసటేడు ఉరికంబమెక్కాడు. అదే కూడలిలో 1946లో అధ్యక్షుడు వియరోయెల్‌ని జనం దీపస్తంభానికి వేలాడదీశారు. ఇప్పుడు అక్కడ పావురాలకి గింజలు అమ్ముతుంటారు.

హాయెన్ వీధి పాత స్పానిష్ కాలం నాటిది. చిన్నది, రాళ్లు పరిచినది, నాలుగైదు మ్యూజియాలున్నాయి. మధ్యాహ్నం జనం లేనప్పుడు వెళ్లండి. ముసెఫ్ అనే జానపద మ్యూజియంలో ముసుగుల గది ఒక్కదానికే గంట పట్టింది. శాన్ ఫ్రాన్సిస్కో చర్చి ముఖద్వారం మీద రాతి చెక్కడాలు దగ్గరగా చూడండి. యేసు గుడే గానీ చెక్కిన చేతులు ఆండీస్‌వి అని తెలిసిపోతుంది.

ఎల్ ఆల్టోలో గురువారం, ఆదివారం జరిగే సంత చెప్పలేనంత పెద్దది. కారు ఇంజిను, పాత కోటు, మేకులు, కుక్కపిల్ల, ఏదైనా దొరుకుతుంది. అక్కడే ఫ్రెడ్డీ మమానీ అనే ఆర్కిటెక్టు కట్టిన మేడలు కనిపిస్తాయి. ఎర్ర ఇటుకల మధ్యలో పచ్చ, నారింజ, ఊదా అద్దాలతో మెరిసిపోతుంటాయి. కింద దుకాణాలు, మధ్యలో ఫంక్షన్ హాలు, పైకప్పు మీద యజమాని ఇల్లు. వ్యాపారం చేసి పైకొచ్చిన ఐమారా అనే ఆండీస్ మూలవాసుల కుటుంబాల దర్పం అది. వాటిని చూసి ముఖం చిట్లించే టూరిస్టులున్నారు. నాకైతే మన పల్లెల్లో కొత్తగా డబ్బొచ్చినాయన కట్టుకున్న ఇల్లు గుర్తొచ్చి ముద్దొచ్చాయి.

చంద్రలోయ ఊరికి పది కిలోమీటర్లు. మట్టి కోసుకుపోయి మొనలు తేలిన చోటు, పూట చాలు, వాన పడ్డ మర్నాడు జారుతుంది. తివనాకు శిథిలాలకి మాత్రం ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. 70 కిలోమీటర్లు, ఇంకా సామ్రాజ్యం వాళ్ల కంటే పాతవాళ్లు కట్టినవి.

మృత్యుమార్గం అని పేరుపడ్డ యుంగాస్ రోడ్డు మీద సైకిల్ తొక్కడానికి ప్రపంచమంతా వస్తుంది. 4,600 మీటర్లకు పైనుంచి దాదాపు 1,200కి దిగడం. పెద్ద బండ్లు 2006 నుంచి కొత్త దారిలో పోతున్నాయి కాబట్టి ఇప్పుడు కాస్త నయం. నేను వెళ్లలేదు. వానాకాలం, పక్కన లోయ, నా బ్రేకు మీద నాకే నమ్మకం లేదు. ఇక శాన్ పెద్రో జైలు లోపలికి తీసుకెళ్తామని ఎవరైనా గుసగుసగా అడిగితే పోకండి. అది చట్టవిరుద్ధం, పైగా మనుషులు జంతుప్రదర్శన కాదు.

మంత్రగత్తెల బజారు అంటే భయమేస్తుందా?

వాసన వస్తుంది, భయమేమీ లేదు. పూజలకీ మొక్కులకీ సరుకులమ్మే చోటు అది. లామా అంటే అక్కడి ఒంటె జాతి జంతువు, దాని పుట్టని పిల్లలని ఎండబెట్టి గుమ్మానికి వేలాడదీస్తారు, మొదటిసారి చూస్తే కడుపులో తిప్పుతుంది. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో వాటిని పాతిపెడతారు. భూమిని తవ్వుతున్నాం కదా, పచమామకి, అంటే భూదేవికి, ముందుగా చెల్లించుకోవాలి. శంకుస్థాపనలో మనం నవధాన్యాలు, నవరత్నాలు వేయమూ? దుకాణంలో ఆమెకి ఇదే మాట విరిగిన స్పానిష్‌లో చెప్పాను. "అయితే మీకూ తెలుసన్నమాట" అని తలూపి, చక్కెర బిళ్లల మీద అచ్చేసిన ఇల్లు, కారు, డబ్బు సంచి బొమ్మలు ఒక్కొక్కటి తీసి చూపించింది. అవన్నీ కాగితం మీద పేర్చి, కోకా ఆకు, లామా కొవ్వు కలిపి నిప్పులో వేస్తారు. ఆగస్టు పచమామ నెల, అప్పుడు ఊరంతా ఆ పొగేనట.

ఫోటోకి ముందు అడగండి. ముఖ్యంగా పెద్ద కుచ్చిళ్ల పావడాలు, గుండ్రటి టోపీలు వేసుకునే చొలీతాలని. వాళ్లు అలంకారానికి కూర్చోలేదు, దుకాణం నడుపుతున్నారు.

శాకాహారులకి తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, వెతుక్కోవాలి. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని అర్థం, కానీ చాలామంది దృష్టిలో కోడి అసలు మాంసమే కాదు. "సిన్ పోయో" కూడా కలపండి. సూపుల జోలికి పోకండి, వేరుశనగ సూపు అని మురిపించినా అడుగున ఎముక తేలుతుంది. పొద్దున పూట ఊరంతా తినే సల్తేన్యాలు, కజ్జికాయ ఆకారంలో ఉండే రసం నిండిన బన్నులు, మాంసంతోనే చేస్తారు. కొన్నిచోట్ల కూరగాయలవి దొరుకుతాయి.

నన్ను బతికించింది ప్లాతో పసేన్యో. ఉడికించిన మొక్కజొన్న కండె, చిక్కుడు జాతి పెద్ద గింజలు, బంగాళదుంప, పైన వేయించిన జున్ను ముక్క. అన్నం లేదని ఏడవకండి, అక్కడ నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, అన్నం పలుకుగానే ఉంటుంది. మొక్కజొన్న పిండిని జున్నుతో కలిపి కండె పొత్తుల్లోనే చుట్టి ఉడికించే ఉమింతాలు మన పొట్టిక్కల అక్కచెల్లెళ్లు.

అన్నిటికంటే సంతోషం యాహ్వా. ప్రతి బల్ల మీదా ఉంటుంది. టమాటా, లొకోతో అనే నల్లగింజల మిరపకాయ, ఒక వాసన ఆకు, ఉప్పు. మిక్సీలో కాదు, బతాన్ అనే చదును రాయి మీద ఇంకో బరువైన రాయిని అటూఇటూ ఊపుతూ నూరతారు. సన్నికల్లు, పొత్రం అనుకోండి. రాన్నూరిన పచ్చడి వాసన ఆ ఎత్తున, ఆ చలిలో ముక్కుకి తగలగానే మా అమ్మమ్మ వంటిల్లు ఎదురుగా వచ్చి నిలబడింది. లొకోతో చూడ్డానికి బొద్దుగా అమాయకంగా ఉంటుంది. గుంటూరు మిర్చి తిన్నదాన్ని నాకేంటి అని పచ్చిగా కొరికాను. మీరు ఆ పని చేయకండి.

సాయంత్రం చలికి ఆపి. ఊదారంగు మొక్కజొన్నతో, దాల్చినచెక్క, లవంగం వేసి కాచిన చిక్కటి తియ్యటి జావ. పక్కన పూరీలా పొంగిన జున్ను పాస్తెల్, పైన పంచదార చల్లి ఇస్తారు.

బేరమాడొచ్చా?

సంతలో ఆడొచ్చు, గట్టిగా కాదు. అంతకంటే మంచి మాట ఒకటి నేర్చుకోండి: యాపా. కొన్నాక చేయి చాపి "యాపా?" అంటే ఇంకో రెండు కాయలు, ఇంకో గరిటె జావ వేస్తారు. కొసరు! ఇంత దూరం వెళ్లి ఇంగ్లీషులో సరైన పదం లేని మన మాట అక్కడ దొరికింది. అమ్మేవాళ్లని "కసేరా" అంటారు, వాళ్లూ మనల్ని అదే అంటారు. రోజూ కొనే చోటు, రోజూ వచ్చే మనిషి, రెండింటికీ ఒకటే పేరు.

డబ్బు ఎలా తీసుకెళ్లాలి?

డాలర్లు, మడత పడనివి, చిరగనివి. మూలన చిన్న చిరుగున్నా వెనక్కి ఇచ్చేస్తారు. రూపాయిలు ఎవరూ మార్చరు. 2011 నుంచి ఏళ్ల తరబడి డాలరుకి 6.96 బొలీవియానోలు అన్నది అధికారిక రేటు. 2023 నుంచి డాలర్ల కొరత వచ్చి బయటి రేటు వేరైపోయింది. వెళ్లే వారం ఎలా ఉందో కనుక్కుని కార్డు వాడాలో నోట్లు మార్చాలో తేల్చుకోండి. చిల్లర ఎప్పుడూ దగ్గరుంచుకోండి, వంద నోటు చూస్తే మినీబస్సు అబ్బాయి ఏడుపు ముఖం పెడతాడు.

ఆడపిల్ల ఒంటరిగా వెళ్లొచ్చా?

పిన్ని ప్రశ్న ఇది. వెళ్లొచ్చు. ఈవ్ టీజింగ్ విషయంలో నాకు మన ఊళ్ల కంటే తక్కువే ఎదురైంది. వీధంతా ఆడవాళ్ల దుకాణాలే కావడం ఒక కారణమేమో. దొంగతనాలు మాత్రం ఉన్నాయి. రద్దీ వీధిలో నా జాకెట్ మీద ఏదో పచ్చటి ద్రవం పడింది, వెంటనే ఒకాయన టిష్యూ పట్టుకుని తుడవడానికి వచ్చాడు. ఇది పాత ఎత్తు. ఒకడు తుడుస్తాడు, ఇంకొకడు జేబు కత్తిరిస్తాడు. "గ్రాసియాస్" అని ఆగకుండా నడిచి దగ్గర్లోని మందుల షాపులోకి దూరాను. జాకెట్ రెండుసార్లు ఉతికితే గానీ మరక పోలేదు.

పోలీసులమని చెప్పి పాస్‌పోర్టు చూపించు, టాక్సీ ఎక్కు అంటే ఎక్కొద్దు. అసలు పోలీసు అలా ఎక్కించడు. పాస్‌పోర్టు జిరాక్సు దగ్గరుంచుకుని అసలుది లాకర్లో పెట్టండి. రాత్రిళ్లు హాస్టల్ వాళ్లతో రేడియో టాక్సీ పిలిపించుకోండి.

దొంగల కంటే ఎక్కువగా మీ ప్లాన్ చెడగొట్టేవి బ్లొకేయోలు, అంటే రాస్తారోకోలు. టీచర్లు, డ్రైవర్లు, గని కార్మికులు, ఎవరికి కోపమొచ్చినా ఊరి దారులు మూసుకుంటాయి. గని కార్మికులు డైనమైట్ కూడా పేలుస్తారు, ఆ చప్పుడుకి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి.

స్పానిష్ రాకపోతే?

ఇంగ్లీషు హాస్టల్ గుమ్మం వరకే. అంకెలు, తిండి పేర్లు, దయచేసి, థాంక్స్, ఎంత, ఎక్కడ, ఇవి నేర్చుకుని వెళ్లండి. అక్కడివాళ్లు స్పానిష్ మెల్లగా, స్పష్టంగా మాట్లాడతారు, కొత్తవాళ్లకి అదృష్టం. స్పానిష్‌తో పాటు ఐమారా కూడా చెవిన పడుతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

ఆకాశం కావాలంటే మే నుంచి అక్టోబరు. ఎండ, నీలం, రాత్రి గడ్డకట్టే చలి. నవంబరు నుంచి మార్చి వాన. ఏ నెలైనా ఎండ చురుక్కుమంటుంది. మబ్బుగా ఉందని క్రీము రాసుకోని నా ముక్కు నాలుగో రోజుకి పొట్టు లేచింది. ఒకే రోజులో నాలుగు కాలాలు కనిపిస్తాయి కాబట్టి పొరలు పొరలుగా బట్టలు వేసుకోండి. మన ఛార్జర్లలో సన్నటి రెండు పిన్నులవి అక్కడి సాకెట్లో పడతాయి, మూడు పిన్నులవి పట్టవు.

వాన ఉన్నా నేను జనవరి ఎంచుకున్నది 24వ తేదీ కోసం. ఆ రోజు అలసీతాస్. 2017లో యునెస్కో గుర్తించిన పండుగ. ఎకేకో అనే పొట్టి మీసాల దేవుడుంటాడు, ఒళ్లంతా సరుకులు మోస్తూ, నోట్లో సిగరెట్‌తో. ఆ ఏడు మీకేం కావాలో దాని బుల్లి బొమ్మ కొనుక్కోవాలి. అగ్గిపెట్టెంత ఇల్లు, వేలెడు కారు, బుల్లి డిగ్రీ పట్టా, బుల్లి డాలర్ల కట్ట. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి కొని పొగ పట్టించి దీవెన తీసుకుంటే నిజమవుతుందని నమ్మకం. పదకొండున్నరకి ఊరంతా పరుగు. ఆ పరుగులోనే అమ్మ ఫోను. అక్కడికీ మనకీ తొమ్మిదిన్నర గంటల తేడా, ఇంట్లో రాత్రి తొమ్మిది. "అన్నం తిన్నావా?" అని అడిగింది. ఇల్లు కొంటున్నానమ్మా, తర్వాత చేస్తా అన్నాను. పాపం, కాసేపు కంగారు పడింది.

ఒంటరిగా బోరు కొట్టదా?

కొట్టింది. ఐదో రోజు సాయంత్రం వానకి హాస్టల్ కిటికీ దగ్గర కూర్చుంటే ఎందుకొచ్చానురా భగవంతుడా అనిపించింది. హాస్టల్లో ఇరవై ఏళ్ల కుర్రాళ్ల గోల నాకు పడదు. తర్వాత నేను చేసింది ఒక్కటే, రోజూ ఒకే చోటికి వెళ్లడం. మెర్కాదో లాన్సా అనే మార్కెట్లో ఒకామె ఆపి కాస్తుంది. మొదటి మూడు రోజులు ముఖం చూడలేదు. నాలుగో రోజు "ఎక్కడి నుంచి?" అంది. ఇండియా అంటే పక్క దుకాణం ఆమెని కూడా పిలిచి చూపించింది. తర్వాతి నుంచి నేను కనపడగానే స్టూలు లాగేది. తొమ్మిదో రోజు గ్లాసు ఖాళీ చేశాక నేను అడగకుండానే గరిటె వంచి "యాపా, కసెరీతా" అంది.

ఎన్ని రోజులు సరిపోతాయి?

ఊరికి వారం, అందులో మొదటి రెండు రోజులు లెక్కలోకి రావు. తితికాకా సరస్సు కూడా చూడాలంటే ఇంకో మూడు.

గుర్తుగా ఏం తెచ్చుకోవాలి?

చారల అగ్వాయో గుడ్డ ఒకటి. పిల్లల నుంచి బంగాళదుంపల దాకా అన్నీ వీపున మోసేది అందులోనే, ఉతికినా రంగు పోదు. అల్పాకా (లామా జాతి జంతువు) ఉన్ని స్వెట్టరని అమ్మేవాటిలో చాలావరకు సింథటిక్, ముట్టుకుంటే చల్లగా జారితేనే అసలుదంటారు.

నేను అలసీతాస్‌లో ఇంకొకటి కూడా కొన్నాను. అగ్గిపెట్టెంత పాస్‌పోర్టు, లోపల బుల్లి వీసా. మా ఆఫీసులో స్టాంపింగ్ కోసం ఎదురుచూస్తూ చిలుకూరు బాలాజీకి నూటెనిమిది ప్రదక్షిణలు పూర్తి చేసిన కుర్రాడికి ఇచ్చాను. పర్సులో పెట్టుకున్నాడు. ఇంకా డేటు రాలేదు. పన్నెండింటికి కొన్నావా, పన్నెండున్నరకి కొన్నావా అక్కా అని వారానికోసారి అడుగుతున్నాడు.